పిల్లి పెంపకం: ఫ్లాట్‌లో పిల్లి హాయిగానే ఉందనుకుంటున్నారా..? ఒక్కసారి ఇవి చెక్ చేసుకోండి!

పొద్దున తొమ్మిదికి లాక్ పడిన ఫ్లాట్ తలుపు.. మళ్లీ తెరుచుకునేది రాత్రి ఎనిమిదికే. మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్, నానక్‌రామ్‌గూడ టవర్లలో పిల్లిని పెంచుకునే ఐటీ ఉద్యోగుల ఇళ్లలో తరచూ కనిపించే సీన్ ఇది. వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో ల్యాప్‌టాప్ పక్కనే కునుకు తీసిన పిల్లి.. ఇప్పుడు పది, పదకొండు గంటలు ఒంటరిగా గడుపుతోంది. గిన్నెలో తిండి ఉంది, నీళ్లున్నాయి, వీధి కుక్కల భయం లేదు. ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ పిల్లికి అది సరిపోదు.

కుక్కకైతే పార్కు.. మరి పిల్లికి?

కుక్కను రోజుకు రెండుసార్లయినా కిందకు తీసుకెళ్తారు. జీహెచ్‌ఎంసీ 2018లో కొండాపూర్‌లో కుక్కల కోసం ప్రత్యేకంగా ఒక పార్కునే తెరిచింది. పిల్లికి అలాంటిదేం లేదు. దానికి ఆ టూ బీహెచ్‌కేనే ఊరు, అదే ఆటస్థలం. అలాగని బయటకు వదిలేయడం పరిష్కారం కాదు. ట్రాఫిక్, కుక్కలు, జబ్బులు.. అన్నీ ప్రమాదమే. అందుకే ఇంటినే పిల్లికి తగ్గట్టు మార్చాలి.

దీనికోసం అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ ఫెలైన్ ప్రాక్టీషనర్స్, ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఫెలైన్ మెడిసిన్ కలిసి 2013లో మార్గదర్శకాలు ఇచ్చాయి. దాక్కునే చోటు, విడివిడిగా తిండి-నీళ్లు-ట్రే, వేటలాంటి ఆట, మనుషుల నుంచి నిలకడైన ప్రేమ, వాసనలకు గౌరవం.. ఈ ఐదూ పిల్లికి తప్పనిసరి అని చెప్పాయి.

అది పగ కాదు.. ఒత్తిడి!

ఆఫీసు నుంచి వచ్చేసరికి మంచం మీద మూత్రం పోసి ఉంటుంది. "వదిలేసి వెళ్లానని పగ తీర్చుకుంది" అని చాలా మంది తిట్టేస్తారు. అది పొరపాటు. ఒత్తిడి వల్ల పిల్లుల మూత్రాశయం వాచిపోతుంది. ఇన్‌ఫెక్షన్ ఏమీ లేకుండానే ఇలా జరగొచ్చు. అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి చెందిన టోనీ బఫింగ్టన్ బృందం ఈ సమస్య ఉన్న 46 ఇంటి పిల్లులపై చేసిన పరిశీలన 2006లో అచ్చయింది. ఇంట్లో వాటి పరిసరాలు మార్చి పది నెలలు గమనిస్తే మూత్ర సమస్యలు తగ్గాయి, బెదురూ తగ్గింది.

ఒక్క విషయం మాత్రం మర్చిపోవద్దు. మగ పిల్లి పదే పదే ట్రేలోకి వెళ్లి ముక్కుతున్నా మూత్రం రావట్లేదంటే అది ఎమర్జెన్సీ. రేపు చూద్దాంలే అనుకుంటే ప్రాణం పోవచ్చు. వెంటనే వెటర్నరీ ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

నేల కాదు.. గోడ చూడండి

పిల్లికి చదరపు అడుగుల కంటే ఎత్తు ముఖ్యం. పైనుంచి అన్నీ చూస్తూ కూర్చుంటే దానికి ధైర్యం. కిటికీ పక్కన బలమైన షెల్ఫ్, బీరువా పైన పాత దుప్పటి చాలు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందనే మాట ఊరికే రాలేదు. భద్రమైన చోటు కోసం వెతకడం దాని స్వభావం. ఆన్‌లైన్ డెలివరీ అట్టపెట్టెకు రెండు వైపులా రంధ్రం చేసి పెట్టండి. దీపావళి టపాసులకు, నిమజ్జనం డీజేలకు అదే దాని కోట. సోఫా చింపేస్తోందా? టేబుల్ కాలికి గోనెసంచి గానీ, కొబ్బరి తాడు గానీ గట్టిగా చుట్టండి. గోళ్లు గీరడం అల్లరి కాదు.. దాని అవసరం.

తెల్లారుజామున గోల ఎందుకు?

ఉదయం ఐదింటికి కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతోందంటే కారణం ఉంది. తెల్లవారుజాము, సంధ్యవేళ.. పిల్లికి వేట సమయాలు. ఫ్లాట్‌లో వేట లేదు కాబట్టి ఆ పని మీరే కల్పించాలి. కర్రకు దారం, దాని చివర ఈక కట్టి రోజుకు రెండుసార్లు పది నిమిషాలు ఆడించండి. చివర్లో దాన్ని పట్టుకోనివ్వండి, వెంటనే తిండి పెట్టండి. లేజర్ లైట్ ఒక్కటే అయితే ఎంత పరిగెత్తినా చేతికేదీ చిక్కదు, విసుగే మిగులుతుంది. కోడిగుడ్ల అట్ట ట్రేలో గింజల ఫుడ్ దాచి ఆఫీసుకు వెళ్తే.. వెతుక్కుంటూ కాసేపు బిజీగా ఉంటుంది.

యుటిలిటీలో ట్రే పెట్టారా?

చాలా ఫ్లాట్లలో లిట్టర్ ట్రే వాషింగ్ మెషిన్ పక్కనే ఉంటుంది. స్పిన్ మొదలయ్యేసరికి పిల్లి హడలిపోతుంది, ఇక అటు వెళ్లదు. ట్రే నిశ్శబ్దమైన మూల ఉండాలి, తిండి గిన్నెకు దూరంగా ఉండాలి. ఒక పిల్లికి రెండు ట్రేలు, రెండింటికి మూడు.. ఇదీ లెక్క. రోజూ శుభ్రం చేయాలి. నేల తుడిచే ఫినాయిల్‌తో జాగ్రత్త. అందులోని ఫినాల్ రసాయనాలను పిల్లి కాలేయం సరిగా వదిలించుకోలేదు. తడి నేల మీద నడిచి కాళ్లు నాకితే విషం లోపలికి వెళ్లినట్టే.

బాల్కనీ.. అసలు ప్రమాదం

పిల్లి ఎక్కడి నుంచి పడ్డా కాళ్ల మీదే పడుతుందన్న ధీమా వద్దు. న్యూయార్క్‌లో ఎత్తయిన భవనాల నుంచి పడి ఐదు నెలల్లో ఆస్పత్రికి వచ్చిన 132 పిల్లుల వివరాలు 1987లో ప్రచురించారు. చికిత్స అందినవాటిలో ఎక్కువ బతికాయి గానీ, 90 శాతం పిల్లులకు ఛాతీ గాయాలున్నాయి. పావురాల కోసం కట్టిన నైలాన్ వలను పిల్లి కొరికి తెంచగలదు. స్టీల్ తీగల గ్రిల్ మధ్య సందుల్లోంచి పిల్లికూన జారిపోగలదు. గట్టి లోహపు జాలీ అయితేనే భరోసా.

సంక్రాంతికి ఊరెళ్తే..

పండక్కి హైదరాబాద్ ఖాళీ అవుతుంది. గిన్నె నిండా తిండి పోసి నాలుగు రోజులు తాళం వేయడం చాలా ప్రమాదం. పిల్లి మనుషులతో పాటు తన చోటునూ అంటిపెట్టుకుని ఉంటుంది. కొత్త చోటికి మార్చడం కంటే తెలిసినవాళ్లు రోజూ ఇంటికి వచ్చి చూసి వెళ్లడమే చాలా పిల్లులకు నయం. పగలంతా చిన్న బోనులో పెట్టేయడం కూడా సరికాదు. కదలడానికి చాలినంత చోటు లేని బోనులో జంతువును బంధించడం, ఆకలిదప్పులతో బాధపడేలా వదిలేయడం.. రెండూ 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలోని సెక్షన్ 11 ప్రకారం నేరమే.

పిల్లి బాధపడితే కుక్కలా అరిచి చెప్పదు, దాచేసుకుంటుంది. ఆట మానేసినా, తిండి తగ్గించినా, ఒకేచోట నాకి నాకి వెంట్రుకలు ఊడుతున్నా దాన్ని బద్ధకం అని వదిలేయకండి. ముందు వెటర్నరీ డాక్టర్‌కు చూపించండి. తర్వాత ఇంట్లో దానికంటూ ఏ చోటుందో ఒకసారి చూడండి.