గీకడమే నేరమా?

వానలు తగ్గి బీటీ (తారు రోడ్డు) పనులు మొదలైతే చాలు, కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో అదే మెసేజ్: గట్టి రోడ్డును గీకేసి కాంట్రాక్టర్ డబ్బులు మింగుతున్నాడు, ఆపండి, పాతదాని మీదే ఇంకో పొర వేస్తే దిట్టంగా, నున్నగా ఉంటుంది. నలుగురు పెద్దమనుషులు వెళ్లి మిల్లింగ్ మిషన్‌కు అడ్డం నిలబడతారు. కాంట్రాక్టర్‌కు పోయిందేముంది? గీకే శ్రమ తప్పింది.

పొర మీద పొర పడితే ఏమవుతుందో హైదరాబాద్ పాత కాలనీల్లో చూడొచ్చు. ఒకప్పుడు మెట్లెక్కి వెళ్లిన ఇంట్లోకి ఇప్పుడు రోడ్డు మీంచి దిగాలి. వానొస్తే నీళ్లూ దిగుతాయి. మ్యాన్‌హోల్ మూత మాత్రం పాత మట్టంలోనే ఉండిపోతుంది. కొత్త రోడ్డు మీద బండి ధన్‌మని పడేది అక్కడే.

ఇక నున్నదనం సంగతి. వేడి మాల్ (తారు, కంకర కలిపిన మిశ్రమం) రోలర్ కింద సుమారు అయిదో వంతు అణుగుతుంది. 50 మి.మీ. పరిస్తే 40 మిగులుతుంది. కింద 20 మి.మీ. పల్లముందనుకోండి, మాల్ పరిచే పేవర్ మిషన్ పైన సమంగానే పరుస్తుంది, అక్కడ 70 పడుతుంది. రోలర్ తిరిగాక 56. అంటే 4 మి.మీ. పల్లం మళ్లీ తేలింది! ఒక్కటైతే పోనీ, వరసగా ఉంటే నడుముకు తెలుస్తుంది. పాత పగుళ్లూ కొన్నాళ్లకు పైకి పాకుతాయి. అందుకే ముందు గీకాలి, లేదంటే ప్రొఫైల్ కరెక్షన్ పొరతో మట్టం సరిచేయాలి.

అయినా అనుమానం ఊరికే పుట్టలేదు, ఒప్పుకోవాల్సిందే. గీకేసి వారాల తరబడి వదిలేసిన రోడ్లున్నాయి. ఆ గాళ్లలో స్కూటర్ టైరు ఊగిపోతుంది. గీకిన మాల్‌ను మళ్లీ కలిపి వాడుకోవచ్చు, కాబట్టి దానికీ ధర ఉంది. ఎటు పోయిందని అడగడం తప్పు కాదు.

ఇలాంటి అపోహలు ఇంకా ఉన్నాయి. తారు మచ్చలు మచ్చలుగా మెరిస్తే మంచి రోడ్డా? తారు పైకి తేలిందని అర్థం, వానకు జారుతుంది. రాత్రి వేస్తే దొంగపనా? పగలు వేస్తే ట్రాఫిక్ జామ్ అని తిట్టేదీ మీరే.

మిషన్‌ను ఆపే ఓపికుంటే, రోడ్డు వేసే రోజున నిలబడి చూడండి. దుమ్ము ఊడ్చి తారు ఎమల్షన్ చల్లారా? లారీలో మాల్ మీద టార్పాలిన్ ఉందా? వీజీ-30 తారైతే పరిచేటప్పుడు కనీసం 140 డిగ్రీలుండాలి, 90కి దిగేలోపు రోలింగ్ అయిపోవాలి. రోలర్ డ్రైవర్ టీ తాగి వచ్చేసరికి చల్లారిన మాల్‌ను ఎంత తొక్కించినా లాభం లేదు. మర్నాడు మూడు మీటర్ల అల్యూమినియం బద్ద రోడ్డు మీద పెట్టి కింద సందులు చూడండి. మ్యాన్‌హోల్ ఫ్రేములు కొత్త మట్టానికి తెచ్చేదాకా పని బాగుందని కాలనీ తరఫున సంతకం పెట్టకండి.