బూజుపట్టిన దాణా – పందులకు ముప్పు

వానాకాలపు మొక్కజొన్న కోతకు వచ్చిన దినములలో వాన కురిసినచో కల్లములోని కంకులు తడిసిపోవును. నాలుగు దినములు ఎండ లేకున్నచో గింజలపై బూజు కనిపించును. అట్టి గింజలకు బజారులో ధర పలుకదు. “మనుష్యులకు పనికిరానివి పందులకైనను పెట్టుదము” అని బిజినేపల్లి ప్రాంతమున పందులను పెంచువారు తలచినచో అందు వింత లేదు. కాని దాని వలన కలుగు నష్టము ఆ గింజల ధర కంటె మిక్కిలి హెచ్చు. ఆ సంగతినే ఇచట మనవి చేయుచున్నాము.

బూజులో విషము

కొన్ని జాతుల బూజులు విషములను పుట్టించును. 1960లో ఇంగ్లండునందు దాదాపు లక్ష టర్కీ కోళ్లు మరణించెను. దాణాలో కలిపిన వేరుశనగ చెక్కయే అందుకు కారణమని తేలినది. ఆ విషమునకే అఫ్లటాక్సిన్ అని పేరు. మన దక్కను పీఠభూమిలోను 1995లో అకాల వర్షములకు తడిసి బూజుపట్టిన జొన్నలు, మొక్కజొన్నలు తిని కొన్ని గ్రామముల ప్రజలు కడుపునొప్పితోను, విరేచనములతోను బాధపడిరి. అందుకు ఫ్యుమోనిసిన్ అను బూజు విషము కారణమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

పందులలో అఫ్లటాక్సిన్ కాలేయమును చెరచును. ఫ్యుమోనిసిన్ హెచ్చైనచో ఊపిరితిత్తులలో నీరు చేరును. జెరలినోన్ అను మరియొక విషము వలన ఆడపందుల జననాంగము వాచి, చూలు సరిగా నిలువదు. పలుమారులు పంది చావదు. మేత తగ్గించి, ఎదుగుదల లేక చిక్కిపోవును. పెంపకందారు దాణా చాలలేదని తలచి, ఆ దాణానే మరింత పెట్టును!

పిల్లలకు ముప్పు మరింత హెచ్చు. అమెరికాలో మొక్కజొన్న కిలో ఒక్కింటికి అఫ్లటాక్సిన్ బాగుగా ఎదిగిన మాంసపు పందులకు 200, ఈనెడి పందులకు 100 మైక్రోగ్రాముల వరకు అనుమతించినారు; పిల్లలకు మాత్రము 20 మాత్రమే.

ప్రోబయాటిక్‌ల సాయమెంత?

ప్రోబయాటిక్ అనగా దాణాతోపాటు ఇచ్చెడు మేలుచేయు సజీవ సూక్ష్మజీవులు. పెరుగును తోడుపెట్టు సూక్ష్మజీవులు వీటికి చుట్టములే. లాక్టోబాసిల్లస్ తెగలో కొన్ని అఫ్లటాక్సిన్‌ను తమ కణపు గోడకు అంటించుకొనును. అట్లు అంటిన విషములో కొంత రక్తములో చేరక పేడతో బయటకు పోవును. బాసిల్లస్ తెగలో కొన్ని విషమును విరుగగొట్టును. ఈస్టు కణపు గోడ జెరలినోన్‌ను కొంతవరకు పట్టి ఉంచును. ఇవి ప్రేగుల ఆరోగ్యమునకు కూడ తోడ్పడును.

అయితే ఒక సంగతి మరువరాదు. అన్ని ప్రోబయాటిక్‌లు అన్ని విషములను పట్టలేవు. పట్టినదానిలో కొంత కడుపులోనే తిరిగి విడిపోవచ్చును. కావున పొట్లము ఉన్నదిగదా యని బూజు గింజలు పెట్టుట తగదు. ఇవి దాణా శుభ్రతకు తోడేగాని దానికి బదులు కావు.

వాడువారు పశువైద్యుని సలహా పొందవలెను. పొట్లముపై గడువు తేదీ చూడవలెను. చల్లని, పొడిచోట దాచవలెను. ఉడికించిన దాణాలో కలుపుటకు అది చల్లారువరకు ఆగవలెను. వేడికి ఈ సూక్ష్మజీవులలో పెక్కు చచ్చిపోవును. బూజు విషము మాత్రము ఉడికించినంతమాత్రమున పోదు.

మొదటి మందు ఎండయే

గింజలలో తేమ 13 శాతమునకు మించకుండ ఎండబెట్టవలెను. సంచులను నేలపైగాక బల్లలపై, గోడలకు దూరముగా ఉంచవలెను. బూజు గింజలను మంచి గింజలలో కలుపరాదు. కోళ్లకు, పాడిపశువులకు కూడ పెట్టరాదు. పైకి బూజు కనిపించకున్నను విషము ఉండవచ్చును గనుక, పందులు మేత మానినచో వెంటనే ఆ దాణా నిలిపి, పశువైద్యశాలకు తెలుపవలెను.

పంటను ఆరబెట్టుట, నిలువచేయుట గూర్చి బిజినేపల్లి మండలములోని పాలెం వ్యవసాయ పరిశోధనా స్థానము వారిని అడిగి తెలిసికొనవచ్చును. ఒక బస్తా బూజు గింజలను పారవేయుటకు మనసు ఒప్పకపోవచ్చును. కాని ఒక ఈత పిల్లలను పోగొట్టుకొనుట అంతకంటె పెద్ద నష్టమని పెంపకందారులు గ్రహింతురుగాక!