నీలిరంగు చెప్పిన సాక్ష్యము

పదార్థములో ఏమున్నది, ఎంత ఉన్నది అని తేల్చునది విశ్లేషణ రసాయనశాస్త్రము. కొలత తప్పినచో వైద్యుని రోగనిర్ణయమును తప్పును.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి, రక్తాదులలోని భాస్వరమును కొలుచు విధానమును 1925లో ప్రకటించినారు. పరీక్షాద్రవమునకు ఆమ్లమును, మాలిబ్డేటును, క్షయకరణ ద్రవ్యమును చేర్చినచో నీలిరంగు పుట్టును. రంగు ఎంత గాఢమో భాస్వరము అంత అధికము.

కండరముల సారమును పరీక్షించినప్పుడు మాత్రము ఆ రంగు వెంటనే పూర్తిగా రాక, క్రమక్రమముగా చిక్కబడినది. విధానములోని లోపమని దానిని త్రోసివేయవచ్చును. వారు అట్లు చేయలేదు. ఆమ్లములో మెల్లగా విడిపోవు పదార్థమేదో భాస్వరమును వదలుచున్నదని గ్రహించినారు. అదియే 1927లో వెల్లడియైన ఫాస్ఫోక్రియాటిన్; కండరము సంకోచించునప్పుడు తక్షణము అక్కరకు వచ్చు శక్తినిధి.

నేడు యంత్రములు క్షణములో అంకెలను అందించుచున్నవి. అయినను అనుకోని అంకె ఎదురైనప్పుడు దానిని కొట్టివేయుటయా, ప్రశ్నించుటయా అను నిర్ణయము మనుష్యునిదే. పుస్తకములోని జవాబునకు సరిపడునట్లు ప్రయోగఫలితమును దిద్దు విద్యార్థికి మార్కులు దక్కవచ్చును; చేతికందిన సత్యము మాత్రము జారిపోవును.