బిట్‌కాయిన్ సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించేది ఎవరు?

బిట్‌కాయిన్ అనగానే అందరూ "రేటెంత?" అంటారు. నేను చెప్పబోయేది ఆ డబ్బును నడిపించే ప్రోగ్రామును జీతం లేకుండా పరీక్షించే వాళ్ళ గురించి.

మన మెస్ స్టాక్ రిజిస్టరు వార్డెన్ గారి బీరువాలో ఒక్కటే ఉంటుంది. దాని నకలు ప్రతి విద్యార్థి పెట్టెలోనూ ఉండి, ఎవరు కొత్త పద్దు రాసినా అందరూ సరిచూశాకే చెల్లుతుందనుకోండి. బిట్‌కాయిన్ అలాంటి లెక్కల పుస్తకం. సతోషి నకమోటో అనే మారుపేరుతో ఎవరో 2009 జనవరిలో దీన్ని విడుదల చేశారు. పద్దులు సరిచూసే ప్రోగ్రాము పేరు ఇప్పుడు బిట్‌కాయిన్ కోర్. అది ఓపెన్ సోర్స్ కాబట్టి కోడ్‌ను ఎవరైనా ఉచితంగా చదవొచ్చు, మార్చుకోవచ్చు.

మరి ఆ ప్రోగ్రామే తప్పు చేస్తే? 2010 ఆగస్టు 15న అదే జరిగింది. మొత్తం 2.1 కోట్లకు మించి ఉండకూడని నాణేలు ఒక్క లావాదేవీలో సుమారు 18,446 కోట్లు పుట్టాయి. పాత కరెంటు మీటరు 9999 దాటగానే మళ్ళీ 0000కు వచ్చినట్టు, రెండు భారీ మొత్తాలను కూడితే అంకె తిరగబడి చిన్నదైపోయింది. తనిఖీలో అది దొరకలేదు. కొన్ని గంటల్లోనే కొత్త వెర్షన్ ఇచ్చి ఆ పద్దు చెల్లకుండా చేశారు.

2018 సెప్టెంబరులో ఇంకొకటి బయటపడింది. వేగం కోసమని ఒక తనిఖీని తీసేయడంతో, ఒకే నాణేన్ని ఒకే లావాదేవీలో రెండుసార్లు ఖర్చుపెట్టే వీలు ఏర్పడింది. ఆ కోడ్ ఏడాదికి పైగా అందరి కళ్ళెదుటే ఉంది! కోడ్ తెరిచి పెట్టారు గదా, ఎవరో ఒకరు చూసే ఉంటారులే అని అందరూ అనుకుంటే ఇలాగే అవుతుందని నా అభిప్రాయం.

అందుకే కొత్త వెర్షన్‌కు ముందు 'రిలీజ్ కాండిడేట్' అనే పరీక్షా ప్రతిని వదులుతారు. దాన్ని విలువలేని ఉత్తుత్తి నాణేలు తిరిగే 'టెస్ట్‌నెట్'లో గానీ, మన కంప్యూటరులోనే విడిగా నడిచే 'రెగ్‌టెస్ట్'లో గానీ ఆడించి చూడాలి. అసలు పుస్తకానికి వందల జీబీల జాగా కావాలి. రెగ్‌టెస్ట్‌కు ఆ బాధ లేదు. వాలెట్ తెరిచి మనకు మనమే నాణేలు పంపుకోవాలి, బ్యాకప్ తీసి మళ్ళీ తెరవాలి, మధ్యలో కరెంటు పోతే ఏమవుతుందో చూడాలి (ఈ విషయంలో మన హాస్టల్ వాళ్ళ అనుభవం ఎవరికీ లేదు). తేడా వస్తే ఏ వెర్షన్, ఏ ఆపరేటింగ్ సిస్టం, ఏం చేశాం, ఏం రావాలి, ఏం వచ్చింది అన్నీ వరసగా రాసి పంపాలి. అది చదివి ఇంకొకరు అలాగే చేస్తే వాళ్ళకూ అదే తప్పు కనబడాలి. డబ్బుకే ముప్పు తెచ్చే తప్పయితే బయట చెప్పకుండా డెవలపర్లకు రహస్యంగా తెలపాలి. 2018లో అలాగే చేశారు.

"దానికి ఎంతిస్తారు?" అని మా నాన్న అడిగాడు. ఏమీ ఇవ్వరు. కొద్దిమంది డెవలపర్లకు గ్రాంట్లు వస్తాయి గానీ, ఊరికే పరీక్షించే వాళ్ళకు అదీ లేదు. స్కాలర్‌షిప్ మీద చదివే మనం ఉచితంగా ఎందుకు చేయాలన్నది న్యాయమైన ప్రశ్నే. పార్ట్‌టైం పని మానుకుని చేయమని నేను ఎవరికీ చెప్పను. అయితే ఎంసీఏ సిలబస్‌లో దొరకని పెద్ద ప్రోగ్రామును విప్పి చూడడం, తప్పును స్పష్టంగా కాగితం మీద పెట్టడం నాకు ఇక్కడే వచ్చాయి.

తమ్ముళ్ళూ, టెస్టింగ్ పేరుతో ఎవరైనా డిపాజిట్ కట్టమన్నా, వాలెట్ రహస్య పదాలు అడిగినా, మనుషుల్ని చేర్చితే కమీషన్ ఇస్తామన్నా అది మోసమే. పరీక్షా ప్రతిలో అసలు డబ్బు ఎప్పుడూ పెట్టకండి. ఆసక్తి ఉన్నవాళ్ళు పరీక్షలయ్యాక రెగ్‌టెస్ట్‌తో మొదలుపెట్టండి. సి ప్లస్ ప్లస్ రాకపోయినా ఫరవాలేదు, లినక్స్ కమాండ్లు నాలుగు వస్తే చాలు.