కుట్లు విప్పిన పిమ్మట

మోటారుసైకిలుపైనుండి పడి తలకు గాయమైన యువకుడు నెలదినములు ఆసుపత్రిలో నుండి, కుట్లు విప్పించుకొని, తన కాళ్లతో తానే నడచి ఇల్లు చేరగా, గండము గడచినదని తల్లి దిష్టి తీసి లోనికి గొనిపోవును. పక్షము తిరుగకమునుపే, చెప్పిన మాట మరచుచున్నాడనియు, స్నానమునకు లెమ్మన్నను మంచముపైననే కూర్చుండుచున్నాడనియు, చిన్నమాటకే మండిపడుచున్నాడనియు జూచి, వీనికి సోమరితనము పట్టినదని ఇంటిల్లిపాదియు దీర్మానింతురు. తలగాయముల విషయమున వ్యాపించియున్న అపోహలలో ఇంతకంటె క్రూరమైనది లేదు. పనికి బూనుకొనుట, దాని వరుస నిర్ణయించుకొనుట, కోపమును నిగ్రహించుట యనునవి ముఖ్యముగా మెదడు ముందుభాగమునకు జెందిన కార్యములు. ఆ భాగము దెబ్బతిన్నవానికి కోరిక యుండియు లేచుట సాధ్యము కాకపోవచ్చును. స్కానింగులో దోషమేమియు గనబడలేదనుట దీనికి సమాధానము కాజాలదు. నాడీతంతువులు చీలుటవలన గలుగు సూక్ష్మమైన హాని సి.టి. చిత్రమునకు తరచుగా నందదు.

పడుచురక్తము గనుక తనంతట తానే కోలుకొనునని కొందరును, ఆరు నెలలలో రానిది ఇక రాదని కొందరును అందురు. తొలినెలలలో మెరుగుదల వేగముగా నుండుమాట నిజమే గాని, అంతటితో ద్వారము మూతపడదు. 1943లో స్మొలెన్‌స్క్ ప్రాంతపు యుద్ధమున 23 ఏండ్ల జసెట్‌స్కీ యను సోవియట్ సైనికుని తలలో తూటా దూరగా, చదువును, మాటల పొందికయు, చూపులో సగమును నశించినవి. అక్షరమక్షరమును దలచుకొనక, చేయి యెత్తకుండ పదమును మొత్తముగా వ్రాయుమని వైద్యుడు చెప్పగా, చేతి పాత యలవాటు మేల్కొన్నది. అతడు తన యింట కూర్చుండి పాతికయేండ్లకు మీరి శ్రమించి, సుమారు 3,000 పుటల ఆత్మకథ వ్రాసెను. వ్రాసినదానిని తానే చదువుకొనుట మాత్రము కడవరకును కష్టముగనే యుండెను. అతని చరిత్రను వైద్యుడైన అలెగ్జాండర్ లూరియా గ్రంథముగా వెలయించినాడు.

ఇంటిలో చేయించునది చికిత్సయే కాదనుట మరియొక అపోహ. బెంగుళూరులోని మానసిక, నాడీవైద్య సంస్థయైన నిమ్‌హాన్స్ వారి ఏకాగ్రతా శిక్షణలో కలగలిపిన ధాన్యములను వేరుపరచుట యొక అభ్యాసము. మన అమ్మమ్మలు చేటతో చేసిన పనియే యిది! పట్టిన కాలమును, దొరలిన తప్పులను వ్రాసియుంచుచు, గింజల రకములను క్రమముగా బెంచవలెను. అలసట కనబడగనే ఆపవలెను. ఏ శక్తి యెంత తరిగినదో కొలిచి అభ్యాసములను నిర్ణయించుట మాత్రము నిపుణుని పని. వైద్యుడు మూర్ఛమందులిచ్చియున్నచో వానిని సొంతముగా మానిపించుట ప్రమాదము.

ఇక ఎక్కములు, శతకపద్యములు వల్లె వేయించినచో జ్ఞాపకశక్తి తిరిగివచ్చునని నమ్మువారు పెక్కుమంది. ఎక్కములు వల్లించినవానికి ఎక్కములే వచ్చును; పొయ్యిమీద పాలు పెట్టిన సంగతి జ్ఞప్తికి రాదు. దానికి గోడమీది చీటియో, ఫోనులోని అలారమో కావలెను. అవి సోమరితనమును బెంచునని జంకనక్కరలేదు, కంటద్దములు చూపును సోమరిని జేయవు గదా. పరామర్శకు వచ్చిన ప్రతి బంధువు "ఏరా, నేనెవరో చెప్పు చూద్దాం" అని పరీక్షించుట మన యిండ్లలో నొక వేడుక. జ్ఞాపకశక్తి తీవ్రముగా దెబ్బతిన్నవారు ఊహించి తప్పు చెప్పినచో ఆ తప్పే మనస్సున నాటుకొనుననియు, తప్పునకు దావీయక నేర్పినపుడు మేలుగా నేర్తురనియు బాడలీ, విల్సన్ అను పరిశోధకులు 1994లో నిరూపించిరి. కావున అట్టివానిని జూడబోవునపుడు ప్రశ్న వేయక, "నేను మీ మేనమామనురా" యని చెప్పి ప్రక్కన గూర్చుండుడు.