నెలలు నిండకముందే నొప్పులొస్తే ఆ ఇంజెక్షన్ ఎందుకు ఇస్తారు? బిడ్డ ఊపిరితిత్తుల్లో జరిగేది ఇదీ..

హిందూపురం నుంచి అనంతపురం పెద్దాసుపత్రికి రోడ్డు మీద వంద కిలోమీటర్ల పైమాటే. పెనుకొండ నుంచి దాదాపు 70, ధర్మవరం నుంచి 40కి పైనే. ఏడో నెలలోనే నొప్పులొచ్చిన గర్భిణిని అంత దూరం రిఫర్ చేసే ముందు ఇచ్చే ఇంజెక్షన్ ఒకటుంది. పేరు డెక్సామెథాసోన్. ఇచ్చేది తల్లికి.. పని చేసేది బిడ్డ ఊపిరితిత్తుల మీద.

అసలు ఊపిరితిత్తులు ఎలా తయారవుతాయంటే.. పిండం ఏర్పడిన నాలుగో వారంలో, తర్వాత ఆహారనాళంగా మారే గొట్టం నుంచి చిన్న మొగ్గ వస్తుంది. అది ఎటు పెరగాలో చెప్పేవి గ్రోత్ ఫ్యాక్టర్లు. అంటే ఒక కణం పక్క కణానికి పంపే మెసేజ్ లాంటి ప్రొటీన్లు. చుట్టూ ఉన్న కణజాలం ఎఫ్‌జీఎఫ్-10 అనే ప్రొటీన్ వదిలితే మొగ్గ అటువైపు సాగుతుంది. మొగ్గ కొన నుంచి వచ్చే సోనిక్ హెడ్జ్‌హాగ్ (అవును, వీడియో గేమ్ పేరే!) అక్కడ దాన్ని అణిచేస్తుంది. దాంతో మొగ్గ రెండుగా చీలుతుంది. ఇలా చీలుతూ చీలుతూ చెట్టు కొమ్మల్లా గాలి గొట్టాలు ఏర్పడతాయి. ఎఫ్‌జీఎఫ్-10 లేకుండా చేసిన ఎలుకల్లో శ్వాసనాళం వచ్చింది కానీ ఊపిరితిత్తులే రాలేదు! రక్తనాళాల పని వీఈజీఎఫ్ అనే మరో ఫ్యాక్టర్ చూసుకుంటుంది.

కొమ్మల పని నాలుగో నెలకే చాలావరకు అయిపోతుంది. ఆలస్యమయ్యేది సర్ఫాక్టెంట్. గాలి సంచుల లోపల పూతలా ఉండే పదార్థం ఇది. 24వ వారం ప్రాంతంలో మొదలై, సరిపడా తయారయ్యేసరికి 34, 35 వారాలు పడుతుంది. అది లేకపోతే ఊపిరి వదిలిన ప్రతిసారీ సంచులు తడి ప్లాస్టిక్ కవర్‌లా అతుక్కుపోతాయి. బిడ్డ ఎగశ్వాసతో అలసిపోతుంది.

నెలలు నిండుతుంటే బిడ్డ ఒంట్లో కార్టిసాల్ దానంతటదే పెరిగి ఈ పనిని వేగవంతం చేస్తుంది. ఇంజెక్షన్ చేసేదీ అదే, కాకపోతే కాస్త ముందుగా. స్టెరాయిడ్ అందగానే ఫైబ్రోబ్లాస్ట్ కణాలు న్యూరెగులిన్ అనే గ్రోత్ ఫ్యాక్టర్‌ను పంపి, సర్ఫాక్టెంట్ తయారీని పెంచుతాయని ల్యాబ్ పరిశోధనల్లో తేలింది. దీంతో పసిబిడ్డల ప్రాణాలు నిలుస్తాయని 1972లోనే న్యూజిలాండ్ డాక్టర్లు లిగిన్స్, హౌవీ చూపించారు.

మన దగ్గర 24 నుంచి 34 వారాల మధ్య నొప్పులొస్తే 12 గంటలకొకటి చొప్పున 6 మిల్లీగ్రాముల డోసులు నాలుగు ఇవ్వాలని 2014 కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. రిఫర్ చేసే ముందు మొదటి డోసు ఏఎన్ఎం కూడా ఇవ్వొచ్చు. ఎందుకంటే మందు పూర్తిగా పనిచేయడానికి ఒకరోజైనా పడుతుంది. అంబులెన్స్‌లో గడిచే రెండు గంటలూ లెక్కలోకి వస్తాయి.

అలాగని అందరికీ వేసేది కాదు. భారత్ సహా ఆరు దేశాల్లో గ్రామస్థాయిలో దీన్ని విస్తృతంగా వాడి చూస్తే పసిబిడ్డల మరణాలు తగ్గకపోగా పెరిగాయని 2015లో తేలింది. స్కానింగ్‌తో వారాలు పక్కాగా లెక్కగట్టి, ఆసుపత్రుల్లోనే ఇచ్చిన డబ్ల్యూహెచ్ఓ ట్రయల్‌లో మాత్రం మరణాలు తగ్గాయి. దాని ఫలితాలు 2020లో వచ్చాయి. తేడా అంతా వారాల లెక్కలోనే, ఇచ్చే చోటులోనే ఉందన్నమాట.

కాన్పుకు పుట్టింటికి వెళ్లేటప్పుడు చీరలు సర్దుతారు కానీ, మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగ్ రిపోర్టు అత్తారింటి బీరువాలోనే ఉండిపోతుంది. అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు ముందుగా అడిగేది ఆ కాగితమే.