మేకపోతును వేలాడదీసే ఫ్రిజ్

కూల్‌డ్రింకు షాపుల్లో కనిపించే అద్దం తలుపు ఫ్రిజ్‌ను వ్యాపారులు విజీ కూలర్ అంటారు. సీసాలను నెమ్మదిగా చల్లబరచడం, ఆ చల్లదనాన్ని 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలబెట్టడం దాని పని. అప్పుడే కోసిన మేకపోతు ఒంట్లో 38 డిగ్రీలకు పైగా వేడి ఉంటుంది. తడిగా ఉంటుంది, బరువుగా ఉంటుంది, లోపల ఇంకా రసాయనిక మార్పులు జరుగుతూనే ఉంటాయి. అందుకే ఈ ఫ్రిజ్‌ను మాంసం అల్మారాగా మార్చడమంటే అరలు తీసేసి కొక్కెం తగిలించడం కాదు.

అమెరికాలోనూ యూరప్‌లోనూ జింకలను వేటాడేవారు హోటళ్లు వదిలించుకున్న పెద్ద ఫ్రిజ్‌లను కొని ఇంట్లోనే ఇలా మార్చుకుంటారు. భారతదేశంలో వన్యప్రాణులను వేటాడటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. కొల్లేటి బాతులకైనా, దివిసీమ మడ అడవుల్లోని జంతువులకైనా అదే చట్టం. కాబట్టి కృష్ణా డెల్టాలోని మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతాల్లో ఈ యంత్రం ముందుకు వచ్చేది అక్కడివాళ్లు వేట మాంసం అని పిలిచేదే, అంటే మేకపోతు, గొర్రెపోతు.

యంత్రం పుట్టుకలోనే మాంసం ప్రస్తావన ఉంది. తేలిగ్గా ఆవిరయ్యే ద్రవం ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. ఆ ఆవిరిని నొక్కి మళ్లీ ద్రవంగా మారిస్తే వేడి బయటకు పోతుంది. ఈ చక్రాన్ని యంత్రంగా మలిచి జేకబ్ పెర్కిన్స్ 1834లో లండన్‌లో పేటెంట్ తీసుకున్నాడు. ఆస్ట్రేలియాలోని జీలాంగ్‌లో పత్రిక నడిపిన జేమ్స్ హారిసన్ 1850ల్లో ఈథర్‌తో ఐసు తయారుచేసే యంత్రాన్ని వ్యాపారానికి పనికొచ్చేలా చేశాడు. 1873లో అతను నార్ఫోక్ అనే ఓడలో లండన్‌కు మాంసం పంపించాడు. ఓడలోకి యంత్రం ఎక్కించలేదు, ముందుగా తయారుచేసిన ఐసు మీదే ఆధారపడ్డాడు. దారిలోనే ఐసు అయిపోయి సరుకంతా పాడైపోయింది. 1882లో న్యూజిలాండ్ నుంచి బయల్దేరిన డునెడిన్ ఓడ యంత్రాన్ని వెంట తీసుకెళ్లింది. అందులోని సుమారు 5,000 కళేబరాలు 98 రోజుల ప్రయాణం తర్వాత కూడా చెడకుండా లండన్ చేరాయి. నిల్వచేసిన చలి మీద కాకుండా ఆగకుండా వేడిని తోడే యంత్రం మీద మాంసం వ్యాపారం నిలబడగలదని ఆ ఓడ తేల్చింది.

కృష్ణా డెల్టాకు ఈ యంత్రం మొదట ఫ్రిజ్‌గా కాక ఐసు ఫ్యాక్టరీగా పరిచయం. అక్కడ అమ్మోనియా గ్యాసు ఉప్పునీటి తొట్టెను సున్నాకు బాగా దిగువకు చల్లబరుస్తుంది. మంచినీళ్లు నింపిన రేకు డబ్బాలను ఆ తొట్టెలో ముంచి ఉంచితే దిమ్మలు కడతాయి. మచిలీపట్నం దగ్గరి గిలకలదిండి రేవు పడవలకూ, గుడివాడ నుంచి కైకలూరు వైపు సాగే చేపల చెరువులకూ ఈ దిమ్మలే ఆధారం. చేపకు ఐసే సరిపోతుంది. కిలో ఐసు కరగడానికి 334 కిలోజౌళ్ల వేడి తీసుకుంటుంది; కిలో చేపను 30 డిగ్రీల నుంచి సున్నాకు దించాలంటే తీయాల్సింది అందులో మూడో వంతే. పెట్టె గోడల్లోంచి వచ్చే వేడిని, ప్రయాణాన్ని లెక్కవేసుకుని రైతులు అంతకంటే ఎక్కువే పోస్తారు. చేపను తడి చెరచదు. మాంసానికి మాత్రం తడి శత్రువు. ఐసులో పాతిపెట్టిన పోతు పైపొర నానిపోయి జిగురెక్కుతుంది. మాంసానికి కావలసింది చల్లటి, కదిలే, కొంచెం పొడి గాలి.

వేలాడదీయడం దేనికంటే, ప్రాణం పోయాక కండరంలో మిగిలిన గ్లైకోజన్ లాక్టిక్ ఆమ్లంగా మారుతుంది. ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్ సుమారు 7 నుంచి 5.6 దగ్గరకు దిగుతుంది. కండరానికి శక్తినిచ్చే ఏటీపీ అయిపోగానే కండరపోగులు ఒకదానికొకటి బిగుసుకుపోతాయి. ఆ బిగువును ఆ తర్వాతి రోజుల్లో కండరంలోనే ఉన్న ఎంజైములు కొద్దికొద్దిగా తెంచుతాయి. మాంసం మెత్తబడేది అప్పుడే. వెనక కాళ్ల నుంచి వేలాడదీస్తే రక్తం కారిపోతుంది, గాలి నలువైపులా తగులుతుంది, కొన్ని కండరాలు సాగి ఉండటంతో అంతగా కుంచించుకుపోవు.

ఇక్కడే చాలామంది పట్టించుకోని చిక్కు ఉంది. చల్లదనం తొందరపడితే మాంసం గట్టిపడుతుంది. ఏటీపీ ఇంకా మిగిలి ఉండగానే కండరం 10 డిగ్రీలకు దిగువకు పోతే అది విపరీతంగా ముడుచుకుంటుంది. న్యూజిలాండ్ పరిశోధకులు లాకర్, హాగ్యార్డ్ 1963లో పశుమాంసంలో దీన్ని వివరంగా చూపించారు. పెద్ద పశువు లోపలి కండ చల్లబడటానికి చాలాసేపు పడుతుంది కనుక దానికి కొంత రక్షణ ఉంటుంది. మన మేకపోతు పలచన, కొవ్వు తక్కువ. దాన్ని కోసిన గంటలోనే గట్టి చలిలో పెట్టడం తప్పు. మొదటి కొన్ని గంటలు 10 నుంచి 15 డిగ్రీల దగ్గర ఉంచి, బిగుసుకున్నాకే 4 డిగ్రీలకు దించడం మంచి పద్ధతి. అలాగని ఎండాకాలంలో మచిలీపట్నం గాలిలో బయట వదిలేస్తే బ్యాక్టీరియా ముందు పరుగెత్తుతుంది.

తెల్లవారుజామున కోసి మధ్యాహ్నానికి అమ్మేసే పాత పద్ధతి ఈ చిక్కునే తప్పించుకుంటుంది. ఇంట్లో పెద్దవాళ్లు పచ్చి బొప్పాయి ముక్క వేసి ఉడికించడంలో ఉన్నదీ ఎంజైమే. ఫ్రిజ్‌లో రోజుల తరబడి జరిగే పనిని బొప్పాయిలోని పపాయిన్ కుండలో తొందరగా చేస్తుంది. కాబట్టి ఒక్క ఆదివారం కూర కోసం ఇంత యంత్రం పెట్టుకోవడం డబ్బు దండగ. పెళ్లిళ్లకు, జాతరలకు ముందురోజే సరుకు సిద్ధం చేసుకునే దుకాణానికైతే అర్థం ఉంది.

ఇక లెక్క. తోలు తీసిన 12 కిలోల పోతును 38 డిగ్రీల నుంచి 4 డిగ్రీలకు దించాలంటే సుమారు 1,350 కిలోజౌళ్లు తీయాలి. మూడు పోతులైతే 4,000. అద్దం తలుపులోంచీ గోడల్లోంచీ లోపలికి వచ్చే వేడిని తోడేశాక చిన్న కంప్రెసర్‌కు 150 వాట్ల శక్తి మిగిలిందనుకుంటే, ఈ మూడింటికీ ఏడున్నర గంటలు పడుతుంది. తలుపు తీసిన ప్రతిసారీ ఆ లెక్క పెరుగుతుంది. మొదటి గంటల్లో నిదానంగా చల్లబరచాలి కనుక ఈ ఆలస్యం నష్టమేమీ కాదు. నాలుగో పోతును ఇరికిస్తేనే ప్రమాదం.

మార్పులో మొదటి పని బరువు. పెట్టె లోపలి రేకు పలచన, దాని వెనక నురుగు తప్ప మరేమీ లేదు. పైకప్పుకు కొక్కెం బిగిస్తే కొన్నాళ్లకు ఊడి వస్తుంది. నేల మీద నాలుగు కాళ్లతో నిలబడే స్టీలు చట్రం చేయించి, దాని అడ్డకడ్డీకి కొక్కేలు తగిలించాలి. గోడకు రంధ్రాలు అసలు పెట్టకూడదు, చాలా నమూనాల్లో వేడి గొట్టాలు ఆ గోడల్లోపలే పోతాయి. గొట్టం పగిలితే గ్యాసు పోతుంది. కొత్త యంత్రాల్లో ఆ గ్యాసు ఆర్-290 కావచ్చు, అది ప్రొపేన్. నిప్పు తగిలితే అంటుకుంటుంది.

రెండోది గాలి. పోతులు ఒకదానికొకటి, గోడలకు తగలకుండా నాలుగైదు అంగుళాల ఖాళీ ఉండాలి. లోపలి ఫ్యాను ఆగకుండా తిరగాలి. పాత థర్మోస్టాట్ చోట అంకెలు చూపే కంట్రోలర్ పెడితే మొదట 12 డిగ్రీలకు, తర్వాత మాంసం 4 డిగ్రీలకు చేరేలా 2 డిగ్రీలకు మార్చుకోవచ్చు. గాలిలో తేమ 85 శాతం చుట్టూ ఉంటే పైపొర పలచగా ఆరుతుంది, లోపల ఎండిపోదు. అద్దం తలుపును లోపలి వైపు తెల్లటి ఇన్సులేషన్ షీటుతో మూసేయడం మేలు, వెలుతురు కొవ్వును కనరెక్కిస్తుంది. కింద ట్రే, దానికి నీళ్లు బయటకు పోయే గొట్టం తప్పనిసరి. చేపలు, రొయ్యలు మాత్రం ఇందులో పెట్టకూడదు. ఆ వాసన కొవ్వుకు పట్టుకుంటే వదలదు.

తీర ప్రాంతానికి ప్రత్యేకమైన బెడద ఉప్పుగాలి. వెనకనున్న కండెన్సర్‌లో రాగి గొట్టం, అల్యూమినియం రెక్కలు కలిసి ఉంటాయి. ఉప్పు తేమ తగిలితే ఈ రెండు లోహాల మధ్య చిన్న బ్యాటరీ పుట్టి అల్యూమినియం తినేయబడుతుంది. రెక్కలు రాలిన కండెన్సర్ వేడిని వదల్లేదు, కంప్రెసర్ ఆగకుండా తిరిగి కాలిపోతుంది. పూత ఉన్న కండెన్సర్ కొనడం, నెలకోసారి మంచినీళ్లతో కడగడం చౌకైన మందు.

కరెంటు పోయి వచ్చిన వెంటనే కంప్రెసర్ తిరిగితే లోపలి పీడనం సర్దుకోక అది పట్టేస్తుంది. మూడు నిమిషాలు ఆలస్యం చేసే స్టెబిలైజర్ దాన్ని ఆపుతుంది. కరెంటు కొన్ని గంటలు రాకపోతే ఐసు ఫ్యాక్టరీ దిమ్మే దిక్కు. 12 కిలోల ఐసు కరిగేటప్పుడు తీసుకునే వేడి మూడు పోతుల వేడికి దాదాపు సమానం. మూతబిగించిన డబ్బాల్లో పెట్టి పై భాగంలో ఉంచితే చలి కిందికి దిగుతుంది, కరిగిన నీళ్లు మాంసానికి తగలవు. తలుపు తీయకుండా థర్మామీటర్ చూడగలగాలి, అందుకే దాని సూచిక బయట ఉండాలి. చల్లబడిన పోతులు మళ్లీ 4 డిగ్రీలు దాటితే వేలాడదీసి ఉంచకూడదు, వెంటనే కోసి వండేయాలి. అలాగే కొన్ని గంటలు గడిచినా, పైపొర జిగురెక్కినా, వాసన మారినా పారేయాలి.